పోస్టరులోని ఖైదీ, కోర్టులోని కేసు

ఒక వ్యక్తిని రాజకీయ ఖైదీ అని పిలిచినప్పుడు ఆ మాట అతణ్ని గురించి చెప్పేది కొంతే. అతణ్ని జైల్లో పెట్టిన ప్రభుత్వం మీద అది మోపే అభియోగమే పెద్దది. నేరం ఒక సాకు మాత్రమేననీ, శిక్ష నిజానికి ఆలోచనకో, సంస్థకో, ఉద్యమానికో పడిందనీ ఆ మాటకు అర్థం. అంత బరువైన అభియోగం సాక్ష్యాల మీద నిలబడవలసి ఉండగా, కొన్ని ఉదంతాలలో ఒక ముఖచిత్రమూ, ఒక కంఠస్వరమూ, ఒక నినాదమూ కలిసి సాక్ష్యాల స్థానాన్ని ఆక్రమించుకుంటాయి. అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో పోలీసు అధికారిని హత్య చేశాడన్న నేరానికి 1982లో శిక్షపడి, నాలుగు దశాబ్దాలు దాటినా జైలు నుంచి బయటికి రాని పాత్రికేయుడు మూమియా అబూ జమాల్ ఉదంతం అటువంటిది. జడలు కట్టిన జుట్టుతో, గడ్డంతో ఉన్న అతని బొమ్మ యూరప్ నగరాల గోడల మీద, విశ్వవిద్యాలయాల ప్రాంగణాలలో ఎంతగా పరిచితమయ్యిందంటే, ఆ రాత్రి ఏం జరిగిందో ఏమీ తెలియకుండానే అతణ్ని ఎరిగినవారు ఖండాంతరాలలో ఉన్నారు.

1981 డిసెంబరు 9 తెల్లవారుజామున, నాలుగు గంటలు కావస్తుండగా, లోకస్ట్ వీధిలో పదమూడో వీధి కూడలికి సమీపంలో డానియెల్ ఫాక్నర్ అనే 25 ఏళ్ల పోలీసు అధికారి ఒక ఫోక్స్‌వాగన్ కారును ఆపాడు. ఆ కారు నడుపుతున్నది అబూ జమాల్ తమ్ముడు. రేడియో పాత్రికేయుడిగా వచ్చే సంపాదన చాలక రాత్రిపూట టాక్సీ నడుపుతుండిన అబూ జమాల్ సరిగ్గా ఆ సమయానికి వీధికి అవతలి వైపు ఉన్నాడు. కారు దగ్గర పెనుగులాట జరిగింది, తుపాకులు పేలాయి. ఫాక్నర్‌కు వీపులో ఒక తూటా, ముఖంలో ఒక తూటా తగిలాయి. అబూ జమాల్ ఛాతీలో దిగిన తూటా ఫాక్నర్ తుపాకీది. కొద్ది నిమిషాలలోపే అక్కడికి చేరిన పోలీసులకు అబూ జమాల్ కాలిబాట అంచున కూర్చుని కనిపించాడు, దగ్గరలోనే అతని పేరు మీద కొన్న పాయింట్ 38 రివాల్వరు, అందులో పేలిపోయిన ఐదు తూటాల గొట్టాలు దొరికాయి. ఆ తమ్ముడి కారును ఆ వేళ ఆ వీధిలో ఆపడం గానీ, అన్న ఎదురుగా ఉండడం గానీ ఎవరూ ముందుగా పన్నగలిగినవి కావు కాబట్టి, ప్రభుత్వం కుట్ర చేసిందని అనదలచుకున్నవారు ఆ కుట్ర తుపాకులు పేలిన తర్వాత, అప్పటికప్పుడు, నడివీధిలో మొదలైందని చూపించవలసి ఉంటుంది.

అటువంటి అనుమానానికి ఆ నగరంలో ఆధారమే లేదని అనడం మాత్రం చరిత్ర తెలియనితనం. 1954లో వెస్లీ కుక్ అనే పేరుతో పుట్టిన అబూ జమాల్ యుక్తవయసు రాకముందే బ్లాక్ పాంథర్ పార్టీ ఫిలడెల్ఫియా శాఖలో ప్రచార బాధ్యతలు నిర్వహించాడు. నల్లజాతి సంఘాలను లోపలి నుంచి చీల్చడానికి అమెరికా కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ రహస్య కార్యక్రమం నడిపిన కాలం అది, అతని మీద కూడా ఆ సంస్థ దస్త్రం తెరిచింది. 1970లో అతను పార్టీని వదిలాడు. ఆ తర్వాత రేడియోలో చేరి, నగరంలోని నల్లజాతి పాత్రికేయుల సంఘానికి అధ్యక్షుడయ్యాడు. ప్రకృతి జీవనాన్ని, పోలీసు ధిక్కారాన్ని కలగలిపి బోధించిన 'మూవ్' అనే బృందం మీద సానుభూతి పెంచుకున్నాడు. 1979లో అమెరికా న్యాయశాఖ స్వయంగా ఫిలడెల్ఫియా పోలీసుల క్రూరత్వం మీద దావా వేసింది. 1985 మే 13న అదే పోలీసు శాఖ మూవ్ నివాసం మీద హెలికాప్టరు నుంచి బాంబు వేయగా ఐదుగురు పిల్లలతో సహా 11 మంది మరణించారు, అరవైకి పైగా ఇళ్లు తగలబడ్డాయి. సొంత నగరం ఇళ్ల మీద బాంబు వేసిన శాఖ దర్యాప్తు చేసిన కేసును గుడ్డిగా నమ్మమని ఎవరినీ అడగలేము.

విచారణ కూడా ఏమంత గౌరవప్రదంగా సాగలేదు. తన వాదన తానే వినిపించుకుంటానన్న నిందితుడి హక్కును జ్యూరీ ఎంపిక మధ్యలోనే తొలగించారు. న్యాయవాది కాని మూవ్ నాయకుడు జాన్ ఆఫ్రికా తనకు సాయంగా ఉండాలని అతను పట్టుబట్టడం, న్యాయమూర్తి కాదనడం, వాగ్వాదం ముదిరి అతణ్ని బయటికి పంపడం పదే పదే జరిగాయి. న్యాయమూర్తి ఆల్బర్ట్ సేబో తన వృత్తి జీవితంలో ముప్పైకి పైగా మరణశిక్షలకు అధ్యక్షత వహించినవాడు. ఈ నిందితుడిని చంపించడానికి తాను తోడ్పడతానని ఆయన జాతిదూషణతో కూడిన మాట అనగా విన్నానని కోర్టు స్టెనోగ్రాఫర్ ఒకరు 2001లో ప్రమాణపత్రం ఇచ్చారు. జ్యూరీ ఎంపికలో కారణం చెప్పకుండానే కొందరిని తిరస్కరించే అవకాశం ఇరుపక్షాలకూ ఉంటుంది. ప్రాసిక్యూటర్ ఆ అవకాశాన్ని 15 సార్లు వాడుకుంటే అందులో 10 సార్లు తొలగినవారు నల్లజాతీయులు. చివరికి తీర్పు చెప్పిన 12 మందిలో నల్లజాతివారు ఇద్దరే. ఆసుపత్రిలో నిందితుడు నేరం ఒప్పుకున్నాడని పోలీసులు చెప్పింది దాదాపు రెండు నెలల తర్వాత కాగా, ఆ ఉదయం అతనికి కాపలా ఉన్న అధికారి రాసుకున్న నివేదికలో అతను ఏమీ మాట్లాడలేదనే ఉంది, ఆ అధికారి జ్యూరీ ముందుకు రానేలేదు. నిందితుడి చేతుల మీద తుపాకీ మందు ఆనవాళ్ల పరీక్ష జరగలేదు. అతణ్ని గుర్తుపట్టిన ప్రధాన సాక్షులిద్దరికీ పోలీసులతో తేల్చుకోవలసిన సొంత కేసులున్నాయి.

ఈ లోపాలన్నిటినీ పరిశీలించిన ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ 2000 ఫిబ్రవరిలో ఒక నివేదిక వెలువరించి, విచారణ కనీస అంతర్జాతీయ ప్రమాణాలకు తగినట్టు సాగలేదనీ, కొత్త విచారణ జరపాలనీ కోరింది. అయితే అతను నిర్దోషి అని గానీ, దోషి అని గానీ తాను చెప్పడం లేదని ఆ సంస్థ ఆ నివేదికలోనే స్పష్టం చేసింది. అబూ జమాల్ ఉద్యమం ఆ నివేదికలోని మొదటి సగాన్ని నెత్తిన పెట్టుకుని రెండో సగాన్ని జారవిడిచింది. విచారణ సక్రమంగా లేదనడం ఒక వాదన, నిందితుడు నిర్దోషి అనడం ఇంకొకటి, అతణ్ని రాజకీయాల కోసమే జైల్లో పెట్టారనడం మూడోది. మొదటిదానికి బలమైన ఆధారాలున్నాయి, రెండోది ఇప్పటికీ రుజువు కాలేదు, మూడోదానికి దొరికే ఆధారం మరీ పలచన. పోస్టరు ఈ మూడింటినీ ఒక్క వాక్యంగా కుదించేసింది.

రాజకీయ ఖైదీ ఎవరన్నదానికి ప్రపంచమంతా ఒప్పుకున్న నిర్వచనం లేదు గానీ, పని జరుపుకోవడానికి సరిపడే కొలమానాలున్నాయి. 1961లో పుట్టిన ఆమ్నెస్టీ 'అంతఃకరణ ఖైదీ' అనే భావనను ప్రచారంలోకి తెచ్చింది. హింసకు పాల్పడకుండా, హింసను ప్రబోధించకుండా, కేవలం విశ్వాసాల కారణంగా నిర్బంధానికి గురైన వ్యక్తి అని దానికి అర్థం. ఆ నియమాన్ని ఆ సంస్థ ఎంత పట్టుదలగా పాటించిందంటే, సాయుధ చర్యను సమర్థించిన నెల్సన్ మండేలాకు సైతం ఆ పేరును కొనసాగించడానికి అది నిరాకరించింది. యూరప్ మండలి పార్లమెంటరీ సభ 2012లో ఆమోదించిన కొలమానాలు ఇంతకంటే విశాలమైనవి: నిర్బంధం పూర్తిగా రాజకీయ కారణాలతో జరిగినా, రాజకీయ ఉద్దేశంతో శిక్ష నేరానికి మించి పోయినా, స్పష్టంగా అన్యాయమైన విచారణకు అధికారుల రాజకీయ ఉద్దేశంతో సంబంధం ఉన్నట్టు కనిపించినా ఆ వ్యక్తిని రాజకీయ ఖైదీగా పరిగణించవచ్చు. ఈ చివరి అంశాన్ని గమనిస్తే, అన్యాయమైన విచారణ ఒక్కటే చాలదనీ, దానికీ రాజకీయ ఉద్దేశానికీ నడుమ ముడి చూపించాలనీ తెలుస్తుంది.

ఈ చర్చ తెలుగు పాఠకులకు కొత్తది కాదు. ఆదిలాబాద్ జిల్లాలో భూస్వాముల హత్యల కేసులో ఉరిశిక్ష పడిన భూమయ్య, కిష్టాగౌడ్‌ల ప్రాణాలు కాపాడడానికి 1970లలో దేశమంతటా సాగిన ఉద్యమం వారి చర్యను రైతాంగ పోరాటంలో భాగంగా చూడాలనీ, రాజకీయ నేరానికి మరణశిక్ష తగదనీ వాదించింది. అయినా ఎమర్జెన్సీ నీడలో 1975 డిసెంబరు 1న ముషీరాబాద్ జైల్లో వారిని ఉరితీశారు. అమలాపురం ప్రాంతం నుంచి వెళ్లి ఢిల్లీ విశ్వవిద్యాలయంలో ఆంగ్లం బోధించిన జి.ఎన్. సాయిబాబా కథ వేరు. 2017లో యావజ్జీవ శిక్షపడి, చక్రాల కుర్చీలో నాగపూర్ జైల్లో ఏళ్లు గడిపిన ఆయనను బొంబాయి హైకోర్టు 2024 మార్చిలో నిర్దోషిగా విడుదల చేసింది; ఆ ఏడు అక్టోబరులోనే హైదరాబాద్‌లో ఆయన కన్నుమూశారు. మొదటి వాదన చర్యను రాజకీయ చర్యగా నెత్తికెత్తుకుంటుంది. అసెంబ్లీలో బాంబు వేసి పారిపోకుండా నిలబడ్డ భగత్ సింగ్‌దీ, రివోనియా విచారణలో విధ్వంస చర్యల ప్రణాళికను దాచకుండా చెప్పిన మండేలాదీ ఇదే దారి. రెండో వాదన అసలు చర్యే లేదనీ, ఉన్నది ఆలోచన ఒక్కటేననీ అంటుంది. అబూ జమాల్ ఈ రెండు దారులలో దేనిలోనూ ఇమడడు. అతను ఫాక్నర్‌ను చంపడం రాజకీయ చర్య అని ఏనాడూ అనలేదు, చంపలేదనే అన్నాడు. అతని ముందున్న అభియోగం వ్యాసం గురించో, ప్రసంగం గురించో కాదు, నడివీధిలో పడి ఉన్న శవం గురించి.

చంపలేదన్న మాటనైనా అతను ఎప్పుడు, ఎలా చెప్పాడన్నది ఈ ఉదంతంలో ఎక్కువమంది తడమని విషయం. విచారణలో అతను సాక్ష్యం ఇవ్వలేదు. నిందితుడు మౌనంగా ఉన్నంతమాత్రాన దోషి అనుకోకూడదని అమెరికా రాజ్యాంగం చెబుతుంది, అది మంచి నియమం, న్యాయస్థానంలో దాన్ని తూచా తప్పకుండా పాటించాలి. ప్రజల ముందు నిలబెట్టిన ప్రతిమకు ఆ రక్షణ వర్తించదు. మరణశిక్ష ఖైదీల విభాగం నుంచి యుద్ధాల మీద, ప్రపంచ రాజకీయాల మీద, జైళ్ల మీద, జాతి వివక్ష మీద లెక్కకు మిక్కిలి రేడియో వ్యాఖ్యానాలు చేసి, 1995లో మొదలుపెట్టి వరసగా పుస్తకాలు ప్రచురించిన వ్యక్తి, ఆ తెల్లవారుజామున తాను ఏం చూశాడో 2001 మే నెల దాకా, అంటే దాదాపు ఇరవై ఏళ్లపాటు, చెప్పలేదు. అప్పుడిచ్చిన ప్రమాణపత్రం సారాంశం ఇది: టాక్సీలో ఉండగా తుపాకీ శబ్దం వినిపించింది, వీధిలో తూలుతున్న తమ్ముడిని చూసి పరుగెత్తాడు, యూనిఫాంలో ఉన్న పోలీసు తన వైపు తిరగడం కనిపించింది, తూటా తగిలి పడిపోయాడు. తన రివాల్వరులోని ఐదు తూటాలు ఎలా ఖాళీ అయ్యాయన్న ప్రశ్నకు అందులో జవాబు లేదు. అంతటికీ దగ్గరగా నిలబడి ఉన్న తమ్ముడు అన్న ప్రాణం మీదికి వచ్చిన విచారణలోనూ, 1995లో ఆ తీర్పును సవాలు చేస్తూ జరిగిన విచారణలోనూ ప్రమాణం చేసి కోర్టులో నిలబడలేదు.

అదే 2001లో కొత్త న్యాయవాదుల బృందం మరో వ్యక్తి ప్రమాణపత్రాన్ని బయటపెట్టింది. లంచగొండి పోలీసుల దందాకు ఫాక్నర్ అడ్డుపడుతున్నందున మాఫియా తనను కిరాయికి పెట్టుకుందనీ, ఫాక్నర్‌ను చంపింది తానేననీ ఆ వ్యక్తి చెప్పుకున్నాడు. కోర్టులు దాన్ని విచారణకు స్వీకరించలేదు. పాత బృందంలోని డానియెల్ విలియమ్స్ అనే న్యాయవాదికే దాని మీద నమ్మకం లేదని ఆయన ఆ సంవత్సరమే రాసిన పుస్తకం తెలియజేస్తుంది. ఆ కథనాన్ని ఉన్నదున్నట్టు నమ్మినా రాజకీయ ఖైదీ వాదనకు కలిగే లాభం లేదు సరికదా నష్టమే ఎక్కువ. మాఫియా తన సొంత లెక్కలతో పోలీసును చంపి ఉంటే, ఆ తూటాల మధ్యకు పరుగెత్తిన అబూ జమాల్ దురదృష్టవంతుడైన బాటసారి అవుతాడు, ప్రభుత్వం గురిపెట్టిన ఉద్యమకారుడు కాడు. ప్రభుత్వం అతణ్ని వేటాడిందన్న కథా, మాఫియా ఫాక్నర్‌ను చంపించిందన్న కథా ఒకే ఊరేగింపులో పక్కపక్కనే నడిచాయి. రెండూ ఒకదానికొకటి అడ్డు తగులుతున్నాయని ఊరేగింపులో ఉన్నవారెవరూ పెద్దగా పట్టించుకున్నట్టు లేదు.

విచారణలో రాజకీయాలు నిజంగానే చొరబడిన ఘట్టం ఒకటుంది, దాన్ని దాటవేస్తే ఈ విమర్శ కూడా ఏకపక్షమే అవుతుంది. అమెరికా మరణశిక్ష కేసులలో నేర నిర్ధారణ ఒక దశ, శిక్ష నిర్ణయం మరో దశ. 1982 జులై 2న జ్యూరీ అబూ జమాల్‌ను దోషిగా తేల్చిన తర్వాత, మర్నాడు శిక్ష గురించిన వాదనలలో ప్రాసిక్యూటర్ 1970 నాటి ఒక పత్రికా కథనాన్ని చదివి వినిపించి, పాంథర్ పార్టీలో ఉన్న కుర్రవాడు అప్పుడు రాజకీయాధికారం తుపాకీ గొట్టం నుంచి పుడుతుందన్న మావో సూక్తిని ఉటంకించడాన్ని జ్యూరీ ముందు పెట్టాడు. పన్నెండేళ్ల కిందటి ఒక పిల్లవాడి రాజకీయ విశ్వాసాన్ని అతని ప్రాణం తీయడానికి కారణంగా చూపడం సిగ్గుమాలిన పని. రాజకీయ ఖైదీ అన్న మాటకు ఈ కేసులో ఎక్కడైనా కాలు మోపే చోటు ఉంటే అది ఇదే. అయితే అది శిక్షకు సంబంధించినది, నేర నిర్ధారణకు కాదు; ఆ మరణశిక్ష ఇప్పుడు లేదు.

అది ఎలా రద్దయ్యిందో చూస్తే ప్రతిమకూ కేసుకూ ఉన్న దూరం తెలుస్తుంది. 2001 డిసెంబరు 18న కేంద్ర జిల్లా న్యాయమూర్తి విలియం యోన్ మరణశిక్షను కొట్టివేసి, నేర నిర్ధారణను మాత్రం నిలబెట్టాడు. ఆయన చూపిన కారణం జ్యూరీకి ఇచ్చిన పత్రంలోని పదాల కూర్పు: శిక్ష తగ్గించదగిన పరిస్థితి ఏదైనా ఉందని జ్యూరీ సభ్యులు విడివిడిగా నమ్మితే చాలని చట్టం చెబుతుండగా, దాన్ని పన్నెండుగురూ ఏకగ్రీవంగా ఒప్పుకోవాలన్న అపోహకు ఆ పత్రం దారితీసేలా ఉంది. అప్పీలు కోర్టు 2008లో ఈ అభిప్రాయాన్ని బలపరిచింది, మళ్లీ 2011లో అదే చెప్పింది. ఆ డిసెంబరులో జిల్లా అటార్నీ మరణశిక్ష కోరబోమని ప్రకటించడంతో శిక్ష పెరోల్‌కు తావులేని యావజ్జీవంగా మారింది. జ్యూరీ ఎంపికలో జాతి వివక్ష గురించిన వాదన 2008లో ఇద్దరు న్యాయమూర్తులు కాదని, ఒకరు ఔనని చెప్పగా వీగిపోయింది. ఆ ఒక్క న్యాయమూర్తి రాసిన భిన్నాభిప్రాయం ఈ కేసులో అబూ జమాల్‌కు దక్కిన అత్యంత గట్టి మాట, కానీ ఊరేగింపులలో దాని ఊసు వినపడదు.

వీధిలో కనిపించింది వేరే లోకం. పారిస్ నగరపాలక సంస్థ అతనికి గౌరవ పౌరసత్వం ఇచ్చి 2003లో దాన్ని వేడుకగా ప్రదానం చేసింది. 1971లో పికాసో తర్వాత ఆ గౌరవం పొందినవాడు అతనేనని అప్పుడు గర్వంగా చెప్పుకున్నారు. పారిస్ శివారు పట్టణం సెయింట్ డెనిస్ 2006లో ఒక వీధికి అతని పేరు పెట్టింది, అందుకు ప్రతిగా అమెరికా ప్రతినిధుల సభ ఆ సంవత్సరాంతంలో ఖండన తీర్మానం చేసింది. ఒక నగరం గౌరవించడం, ఇంకో దేశపు చట్టసభ అవమానించడం, రెండింటిలో దేనివల్లా ఒక్క సాక్షిని కూడా మళ్లీ ప్రశ్నించలేదు. కొన్ని అమెరికన్ కళాశాలలు స్నాతకోత్సవ ప్రసంగాలకు అతని రికార్డు చేసిన గొంతును వాడుకున్నాయి. ఇందులో పీడితుల పక్షాన నిలబడాలన్న నిజాయితీ లేదని అనలేము. లేనిదల్లా ఫాక్నర్ ప్రస్తావన. ఆ రాత్రికి పెళ్లయి కొద్దికాలమే అయిన మౌరీన్ ఫాక్నర్, తన భర్తను చంపాడని కోర్టు తేల్చిన మనిషి పేరు వీధులకు పెట్టడాన్ని చూస్తూ నాలుగు దశాబ్దాలు గడపవలసి వచ్చింది. ఆమె గొంతును పోలీసుల ప్రచారమని కొట్టిపారేసిన ఉద్యమం బాధితుల పక్షం గురించి మాట్లాడే అర్హతను కొంత పోగొట్టుకుంది.

ప్రతిమను చెక్కింది మద్దతుదారులు మాత్రమే కాదు, పోలీసు సంఘాలు కూడా దానికి ఎదురు ప్రతిమ చెక్కాయి. ఒక న్యాయవాద సంస్థ అతని తరఫున అప్పీలులో వాదించినందుకు, ఆ సంస్థలో పనిచేసిన డెబో అడెగ్‌బైల్‌ను అమెరికా న్యాయశాఖలోని పౌరహక్కుల విభాగానికి అధిపతిగా నియమించే ప్రతిపాదనను సెనేట్ 2014 మార్చిలో 47-52 ఓట్లతో తోసిపుచ్చింది. నేరస్తుడి తరఫున వాదించిన న్యాయవాదికి నేరం అంటగట్టే ఈ పద్ధతి పోస్టరు రాజకీయానికి అద్దంలో కనిపించే ప్రతిబింబమే. ఆ సంవత్సరం అక్టోబరులో పెన్సిల్వేనియా చట్టసభ ఖైదీల మాటలను అడ్డుకోవడానికి బాధితులు కోర్టుకెక్కే వీలు కల్పిస్తూ ఒక చట్టం చేస్తే, అది వాక్‌స్వాతంత్ర్యానికి విరుద్ధమని ఆరు నెలలకే కేంద్ర న్యాయస్థానం కొట్టివేసింది.

మన దగ్గర ఈ చిక్కుముడిని సూటిగా ఎదుర్కొన్నవాడు కె. బాలగోపాల్. పోలీసు హింసను ప్రశ్నించే హక్కుల సంఘం ఉద్యమకారుల హింసను కూడా ప్రశ్నించాలన్న పట్టుదలతో ఆయన 1998లో పౌరహక్కుల సంఘాన్ని వదిలి మానవ హక్కుల వేదికను ఏర్పరచడంలో ముఖ్యపాత్ర వహించారు. ఖైదీకి సరైన విచారణ దక్కాలనడానికి అతను మహనీయుడు కానక్కరలేదు, నిర్దోషి కూడా కానక్కరలేదు. అబూ జమాల్ ఉద్యమం ఇంత సాదా మాటతో తృప్తి పడలేక అతణ్ని అమరవీరుల వరసలో నిలబెట్టింది. అతను దోషి అయ్యే అవకాశం ఉందని ఒప్పుకుంటే తమ డిమాండు కూలిపోతుందని భయపడింది. ఆ భయమే రాజకీయ ఖైదీ అన్న మాట విలువను తగ్గించింది. రేపు ఒక వ్యాసం రాసినందుకు, ఒక సభ పెట్టినందుకు జైలు పాలైన మనిషి గురించి ఆ మాట వాడితే, వినేవాళ్లు హత్య కేసు కథ ఏమిటని అడిగే పరిస్థితి వచ్చింది.

2018 చివరలో జిల్లా అటార్నీ కార్యాలయపు గిడ్డంగిలో ఈ కేసు కాగితాలతో ఆరు పెట్టెలు బయటపడ్డాయి. తనకు రావలసిన డబ్బు సంగతేమిటని ప్రాసిక్యూటర్‌ను అడుగుతూ ఒక ప్రధాన సాక్షి రాసిన ఉత్తరం అందులో ఉంది. దశాబ్దాలపాటు అటువంటి కాగితం నిందితుడి పక్షానికి అందకపోవడం ఏ న్యాయవ్యవస్థకైనా తలవంపులే. దాన్ని పరిశీలించిన న్యాయమూర్తి లుక్రీషియా క్లెమన్స్, ఇతర సాక్ష్యాల బలం దృష్ట్యా అది తీర్పును మార్చగలిగేది కాదని 2023 మార్చి 31న పిటిషన్‌ను తిరస్కరించారు. ఆమె నిర్ణయంతో విభేదించడానికి చోటుంది, కొత్త విచారణ జరగాలని ఇప్పటికీ న్యాయంగా కోరవచ్చు. రాజకీయ ఖైదీ అన్న బిరుదు మాత్రం ఉన్న ఆధారాల మీద నిలవదు.

అబూ జమాల్ జైలు జీవితంలో అందరికీ పనికొచ్చిన గెలుపు ఒకటుంది. హెపటైటిస్-సి సోకి ఆరోగ్యం క్షీణించినప్పుడు, ఖరీదైన కొత్త మందును జైళ్ల శాఖ నిరాకరించినందుకు అతను దావా వేశాడు. మందు ఇవ్వవలసిందేనని 2017 జనవరిలో కేంద్ర న్యాయమూర్తి ఆదేశించారు. ఆ వాదనలో పాంథర్లు లేరు, పారిస్ లేదు, ఉన్నదల్లా రోగి అయిన ఖైదీకి వైద్యం అందించే బాధ్యత ప్రభుత్వానిదన్న చట్టమే. ఆ తర్వాతి సంవత్సరం, ఇదే జబ్బుతో ఉన్న మిగతా ఖైదీల తరఫున నడుస్తున్న మరో దావాలో పెన్సిల్వేనియా జైళ్ల శాఖ రాజీకి వచ్చి, వారికి కూడా దశలవారీగా ఆ మందు ఇవ్వడానికి ఒప్పుకుంది.